ఫ్యూయల్ సెలెక్టర్ వాల్వు బిగుసుకుపోయింది: గ్రీజు పెట్టి వాడుకోవచ్చా, మార్చేయాలా?

యలహంక షెడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బెంగళూరులో యలహంక దగ్గర ఒక షెడ్డులో రెండు సీట్ల విమానాన్ని సొంతంగా కట్టుకుంటున్నాను. రెక్కలు కింద ఉండే రకం, ఇంజను రోటాక్స్ 912 యూఎల్‌ఎస్. సగం కట్టిన కిట్టును ఇంకొకరి దగ్గర కొని మిగిలిన పని నేను చేసుకుంటూ వస్తున్నాను కాబట్టి, పెట్రోలు పైపుల పని చాలావరకు నా చేతి మీద జరిగింది కాదు. విమానం ఇంకా గాలిలోకి లేవలేదు. నేల మీద ఇంజను మాత్రం ఎనిమిది గంటల దాకా నడిపాను.

ఆ తరువాత మా నాన్నగారి ఆరోగ్యం బాగాలేక ఏడు నెలలు ఒంగోలులోనే ఉండిపోవలసి వచ్చింది. వెళ్లేటప్పుడు ఒక్కొక్క ట్యాంకులో సుమారు పది లీటర్లు బంకు పెట్రోలు అలాగే వదిలేశాను. తిరిగి వచ్చి చూస్తే, ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో ఎంచే సెలెక్టర్ హ్యాండిలు బిగుసుకుపోయి ఉంది. ఎడమ నుంచి కుడికి తిప్పాలంటే రెండు చేతులూ వాడవలసి వస్తోంది. పక్క సీటులో కూర్చుని మా ఆవిడ ప్రయత్నిస్తే కదలనే లేదు. నాకు కదిలినప్పుడు కూడా కాసేపు మొరాయించి, ఒక్కసారిగా జారి, గుర్తును దాటి ముందుకు పోతోంది.

హ్యాండిలు రెండు సీట్ల మధ్యనున్న సొరంగం లాంటి పెట్టె మీద ఉంటుంది. వాల్వు దానికి ఒక జానెడు కింద, నేలకు దగ్గరగా ఉంటుంది. రెండింటినీ కలిపేది ఒక సన్నని కడ్డీ, మధ్యలో వంపు తిరగడానికి ఒక యూనివర్సల్ జాయింటు. ఎడమ, కుడి, ఆఫ్ అని మూడు స్థానాలు. వాల్వు ఇత్తడిది, మీద కంపెనీ పేరు లేదు.

ఒక మిత్రుడు తుప్పు వదిలించే స్ప్రే కొట్టమన్నాడు. ఇంకొకాయన, పట్టు వదలని గ్రిప్ ప్లయర్ ఒకటి కాక్‌పిట్‌లో పెట్టుకుంటే సరిపోతుందని, తాను ట్రాక్టరులో అలాగే చేస్తున్నానని చెప్పారు. నాకు రెండూ నచ్చలేదు, కానీ ఎందుకు నచ్చలేదో చెప్పేంత జ్ఞానం నాకు లేదు. విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టి వాడుకోవచ్చా, లేక వాల్వునే మార్చేయాలా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

---

పాత ఫిట్టరు

యలహంక షెడ్డు గారూ, మార్చాలా వద్దా అన్న ప్రశ్న తరువాత చూద్దాం. బిగుతు ఎక్కడ ఉందో మీరు ఇంకా చెప్పలేదు. హ్యాండిలు బిగుసుకుందంటే వాల్వు బిగుసుకుందని అర్థం కాదు. హ్యాండిలు కింద ప్యానెల్ రంధ్రంలో కడ్డీ ఒరుసుకుంటూ ఉండవచ్చు. యూనివర్సల్ జాయింటు తుప్పు పట్టి ఉండవచ్చు. వాల్వు బ్రాకెట్టు ఒక పక్కకు లాగుతూ ఉండవచ్చు. అల్యూమినియం పైపును కొలతకు కాస్త పొట్టిగా కోసి, నట్టు బిగించే బలంతో దగ్గరకు లాక్కొచ్చిన పనులు నేను చాలా చూశాను. అటువంటి పైపు వాల్వు ఒంటిని ఇరవై నాలుగు గంటలూ మెలిపెడుతూనే ఉంటుంది.

కాబట్టి మొదట చేయవలసింది, కడ్డీని వాల్వు నుంచి విడదీసి, హ్యాండిలును మాత్రమే తిప్పి చూడడం, తరువాత వాల్వును మాత్రమే తిప్పి చూడడం. చేతితో చూసి "గట్టిగా ఉంది" అని రాయకండి, కొలవండి. ప్రయాణాలకు పెట్టెలు తూచుకునే కొక్కెం కాటా ఇంట్లో ఉంటుంది కదా, దానిని హ్యాండిలు కొసకు తగిలించి, హ్యాండిలుకు అడ్డంగా లాగి, కదలడం మొదలైనప్పుడు ఎన్ని కిలోలు చూపిందో రాసుకోండి. హ్యాండిలు పొడవు కూడా కావాలి. 5 సెంటీమీటర్ల హ్యాండిలు కొసన 4 కిలోలు అంటే దాదాపు 2 న్యూటన్ మీటర్ల మెలి.

రెండో విషయం, మీ వాల్వు ఏ జాతిదో తెలియాలి. ఇత్తడి ఒంట్లో కోను ఆకారపు ప్లగ్గు కూర్చుని, కింద స్ప్రింగు దానిని పైకి నొక్కిపెట్టే రకం ఒకటి. టెఫ్లాన్ గిన్నెల మధ్య గుండ్రని బాల్ తిరిగేది ఇంకొకటి. రబ్బరు ఓ-రింగుల మీద రోటరు తిరిగేది మూడోది. మొదటి రకంలో లోహం లోహం మీద ఒరుసుకుంటుంది, మధ్యలో సన్నటి గ్రీజు పొర తప్ప వేరే అడ్డు లేదు. ఆ పొర కొట్టుకుపోతే ఇత్తడి ఇత్తడిని పట్టుకుంటుంది. మీరు చెప్పిన "మొరాయించి, జారి, దాటిపోవడం" దాని లక్షణం లాగే ఉంది, అయినా విప్పే వరకు ఒట్టు పెట్టను.

స్ప్రే కొట్టకండి. అది ఆ గ్రీజులో మిగిలింది కూడా కరిగిస్తుంది, వాల్వు రెండు రోజులు మెత్తగా తిరిగి, మూడో రోజు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. పైగా పని అయిపోయిందని మీకు నమ్మకం కుదురుతుంది, అసలు ప్రమాదం అందులోనే ఉంది.

ఇంకొకటి. విప్పక ముందు ఒక పరీక్ష చేయండి. కార్బ్యురేటర్ల దగ్గర పైపు విప్పి, కొలత డబ్బాలోకి వదిలి, బూస్ట్ పంపుతో (కరెంటుతో నడిచే అదనపు పెట్రోలు పంపు) ఒక లీటరు రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. హ్యాండిలును ఎప్పుడూ తిప్పినట్టే తిప్పి, దాని చూపుడు ముల్లు గుర్తు మీదకు వచ్చాక ఆపి చూడండి. డబ్బాను, విమానాన్ని తీగతో కలిపి ఎర్తు చేయడం మరువవద్దు, ప్లాస్టిక్ బకెట్ వద్దు. ఈ పరీక్ష ఎందుకో ఫలితం వచ్చాక చెబుతాను.

---

జక్కూరు గాలి

గ్రిప్ ప్లయర్ సలహా చూసి రాయకుండా ఉండలేకపోయాను. ఈ సలహా ఇంతకు ముందు ఒకరికి దొరికింది. ఆయన పేరు జాన్ డెన్వర్, అమెరికాలో పేరున్న గాయకుడు. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరే దగ్గర, కొత్తగా కొనుక్కున్న లాంగ్-ఈజీ అనే చేతికట్టుడు విమానంలో ఒంటరిగా ఎగిరి సముద్రంలో కూలిపోయారు. ఆ రకాన్ని రూపొందించిన బర్ట్ రూటాన్ డిజైనులో సెలెక్టర్ పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. ఆ విమానం కట్టినాయన దానిని పైలట్ ఎడమ భుజం వెనుక గోడకు పెట్టారు. హ్యాండిలు బిగుతుగా ఉందని ఎగరక ముందే తెలుసు. అక్కడి మెకానిక్ ఒక గ్రిప్ ప్లయర్ కూడా తెచ్చి ఇచ్చి చూశాడు. వెనుక ఉన్న పెట్రోలు గాజు గొట్టాలు చూసుకోవడానికి ఒక చిన్న అద్దం కూడా ఇచ్చాడు. పెట్రోలు పోయించుకోమంటే డెన్వర్ వద్దన్నారు.

దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చినది గుర్తు పెట్టుకోవలసిన విషయం. హ్యాండిలు అందుకోవడానికి ఎడమకు మెలి తిరిగితే, శరీరం నిలదొక్కుకోవడానికి కుడి కాలు తనంతట తానే చాచుకుని విమానం ముక్కును పక్కకు తిప్పే కుడి రడ్డర్ పెడల్‌ను నొక్కుతుంది. నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులో ఆ ఒక్క నొక్కుడు చాలు. పెట్రోలు సరిగా చూసుకోకపోవడం, హ్యాండిలు మీద, గాజు గొట్టాల మీద గుర్తులు లేకపోవడం, ఆ విమానంతో సరిపడినంత పరిచయం లేకపోవడం కూడా కారణాలలో చేర్చారు. ఇందులో ఇంజను చేసిన తప్పు ఏదీ కనిపించదు. చేయి, చూపు, ధ్యాస మూడూ ఒకేసారి హ్యాండిలు మీదకు పోయాయి, అంతే.

మీ హ్యాండిలు రెండు సీట్ల మధ్య ఉంది కాబట్టి స్థానం బాగానే ఉంది. కానీ రెండు చేతులూ కావాలంటున్నారు. రెండు చేతులూ హ్యాండిలు మీద ఉంటే విమానాన్ని నడిపే స్టిక్ మీద ఎవరి చేయి ఉంటుంది? బెల్టులు గట్టిగా బిగించుకుని, ఎడమ చేయి స్టిక్ మీద ఉంచి, కుడి చేతి రెండు మూడు వేళ్లతో, కళ్లు బయటే ఉంచి, తిప్పగలగాలి. నేను ఎగిరే మైక్రోలైట్‌కు ఉన్నది ఒకటే ట్యాంకు, ఒకటే కాక్, అయినా ప్రతి ఎగురుడుకు ముందు కళ్లు మూసుకుని ఒకసారి తిప్పి చూస్తాను. తోటివాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

నా మాట అడిగితే, మార్చేయండి. బ్రిటన్‌కు చెందిన ఆండైర్ వాల్వులు చాలామంది వాడుతున్నారు. స్థానానికి స్థానానికి "టక్" మని గాడిలో పడతాయి, ఆఫ్‌లోకి పోవాలంటే ఒక బొత్తాన్ని విడిగా ఎత్తాలి. ఖరీదు ఎక్కువే, కస్టమ్స్ దానికి తోడు.

---

బన్నేరుఘట్ట రోడ్డు

ఇంత చర్చ దేనికో తెలియడం లేదు. హ్యాండిలు రెండింతలు పొడవు చేయిస్తే సగం బలంతో తిరుగుతుంది కదా. పీణ్య పారిశ్రామిక వాడలో ఎవరైనా అరగంటలో తయారు చేసి ఇస్తారు.

---

పాత ఫిట్టరు

బన్నేరుఘట్ట రోడ్డు గారూ, మీ లెక్క సరైనదే, వేళ్లకు సగం బలం సరిపోతుంది. వాల్వు దగ్గర కడ్డీకి పడే మెలి మాత్రం అంతే ఉంటుంది. చేతికి తేలికగా అనిపిస్తుంది కనుక మనిషి తెలియకుండా ఇంకా ఎక్కువ తిప్పేస్తాడు. హ్యాండిలుకు, కడ్డీకి మధ్య ఉండేది ఒక చిన్న రోల్ పిన్ను. అది తెగితే హ్యాండిలు వెన్నలో కత్తిలా తిరుగుతుంది, వాల్వు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బిగుతును దాచిపెట్టడం బిగుతును తీసేయడం కన్నా చెడ్డది.

---

యలహంక షెడ్డు

ఆలస్యానికి క్షమించండి, శని, ఆదివారాలు మాత్రమే షెడ్డుకు పోగలుగుతున్నాను. పాత ఫిట్టరు గారు చెప్పిన వరుసలోనే చేశాను.

మొదట కాటా. హ్యాండిలు 6 సెంటీమీటర్లు. అంతా కలిసి ఉన్నప్పుడు కదలడానికి 5 కిలోల పైనే చూపింది, కుడి నుంచి ఆఫ్‌కు పోయేటప్పుడు ఇంకా ఎక్కువ. కడ్డీ విడదీసి హ్యాండిలును మాత్రమే తిప్పితే కాటా ముల్లు దాదాపు కదలలేదు. అంటే వాల్వే దోషి.

తరువాత పెట్రోలు పరీక్ష. ఇక్కడే నాకు చెమటలు పట్టాయి. మొదటిసారి ముల్లును "ఎడమ" గుర్తు మీదకు తెచ్చి ఆపి చూస్తే, లీటరు రావడానికి 140 సెకన్లు పట్టింది. పంపు చెడిందేమోనని అనుకున్నాను. హ్యాండిలును గుర్తు దాటి ఇంకొంచెం ముందుకు నొక్కి చూస్తే 48 సెకన్లలో వచ్చింది. కుడి వైపు కూడా అంతే. కింద పడుకుని టార్చి వేసి చూశాను. పైన ముల్లు గుర్తు మీద నిలబడి ఉంది, కింద వాల్వు కాడ ఇంకా పూర్తిగా తిరగలేదు, బొటనవేలి గోరంత వెనుకబడి ఉంది. మధ్యలో ఉన్న యూనివర్సల్ జాయింటులో వదులు, కడ్డీలో మెలి కలిసి ఆ తేడాను తినేస్తున్నాయి.

నేల మీద ఎనిమిది గంటలు ఇంజను ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది కదా అని ఇంతకాలం ధైర్యంగా ఉన్నాను.

---

పాత ఫిట్టరు

ఆ పరీక్ష ఎందుకన్నానో ఇప్పుడు మీకే తెలిసింది. బిగుతు వల్ల చేతికి వచ్చే శ్రమ చిన్న నష్టం. పెద్ద నష్టం ఏమిటంటే, ముల్లు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. వాల్వు తేలికగా తిరిగినంత కాలం కడ్డీలో మెలి ఉండదు, జాయింటులో వదులు ఉన్నా రెండు డిగ్రీలకు మించి తేడా రాదు. వాల్వు గట్టిపడిన కొద్దీ హ్యాండిలు ముందు నడుస్తుంది, వాల్వు వెనుక నడుస్తుంది. మామూలుగా అయితే గాడిలో పడిన "టక్" వేళ్లకు తెలుస్తుంది, కానీ ఇంత బిగుతులో ఆ టక్ మునిగిపోతుంది.

లెక్క చూడండి. 912 యూఎల్‌ఎస్ పూర్తి త్రాటిల్ మీద గంటకు సుమారు 27 లీటర్లు తాగుతుంది. పంపుతో నడిచే వ్యవస్థలో దానికి 125 శాతం పారాలన్నది వాడుకలో ఉన్న కొలత, వాలు మీద ఆధారపడి పారే ఎత్తు రెక్కల విమానాలకైతే 150 శాతం. 27కు 125 శాతం అంటే గంటకు 33.75 లీటర్లు, అంటే లీటరు 107 సెకన్లలోపు రావాలి. మీ 48 సెకన్లు బ్రహ్మాండం. మీ 140 సెకన్లు గంటకు 26 లీటర్ల లోపే, అంటే ఇంజను అడిగే దానికన్నా కూడా తక్కువ. నేల మీద నెమ్మదిగా నడిపేటప్పుడు ఇంజను అందులో చిన్న భాగమే తాగుతుంది కనుక ఎనిమిది గంటలు కాదు, ఎనభై గంటలైనా నడుస్తుంది. పూర్తి త్రాటిల్ ఇచ్చినా, కార్బ్యురేటర్ గిన్నెలలో నిల్వ ఉన్న పెట్రోలు కాసేపు కాపాడుతుంది. అది అయిపోయే వేళకు మీరు రన్‌వే చివర దాటి ఉంటారు.

బెంగళూరు ఊరే సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంది, ఎండ వేళ వెచ్చని బంకు పెట్రోలును సగం మూసిన వాల్వు గుండా పంపు పీల్చవలసి వస్తే ఆవిరి బుడగలు కట్టే అవకాశం కూడా ఎక్కువ. ఇది దారిన పోతూ చెప్పిన మాట.

ఇక వాల్వు బయటకు తీసి విప్పండి. ప్లగ్గును ఒంటిలో ఉన్న దిశలోనే గుర్తు పెట్టుకుని తీయండి. కనబడింది కనబడినట్టు రాయండి, తుడిచేయకుండా.

---

తాంబరం గాలివాన

చెన్నై నుంచి రాస్తున్నాను. మాకు ఇక్కడ ఉప్పుగాలి శత్రువు కాబట్టి ఇత్తడి, అల్యూమినియం ఎలా పాడవుతాయో కాస్త చూశాను. మీ ప్రశ్నలో "ఏడు నెలలు, పది లీటర్లు, బంకు పెట్రోలు" అన్న మాటలను ఎవరూ పట్టించుకోలేదు.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకాన్ని 2023 ఫిబ్రవరి 6న మీ బెంగళూరులోనే ప్రధాని ప్రారంభించారు, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. 912 ఇంజన్లకు రోటాక్స్ ఒప్పుకున్నది 10 శాతం వరకే. ఇంజను మాట అటుంచితే, ఇథనాల్‌కు రెండు గుణాలున్నాయి. మామూలు నైట్రైల్ రబ్బరు ఓ-రింగులను ఉబ్బిస్తుంది, కొంతకాలం ఎండితే అవే కుంచించుకుపోతాయి. ఇంకా, గాలిలోని తేమను లాక్కుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటేదాకా పెట్రోలులోనే కరిగి ఉంటాయి, హద్దు దాటాక ఇథనాల్‌ను కూడా వెంటబెట్టుకుని విడిపోయి అడుగుకు చేరతాయి. మీ వాల్వు నేలకు దగ్గరగా ఉందన్నారు కదా, పైపులన్నిటి కన్నా కిందే ఉండి ఉంటుంది, అడుగుకు చేరినది ఏడు నెలలు అక్కడే కాపురం ఉండి ఉంటుంది. వానాకాలం కూడా మధ్యలో గడిచింది.

చూడడం సులభం. 100 మి.లీ. కొలత గొట్టంలో 10 మి.లీ. నీళ్లు పోసి, పైన 90 మి.లీ. పెట్రోలు పోసి, మూత పెట్టి బాగా ఊపి, పది నిమిషాలు నిలబెట్టండి. నీటి గీత 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు, పైకి జరిగితే జరిగినంత మేర ఉంది.

కొత్త వాల్వు తీసుకున్నా, పాతదే బాగు చేసినా, లోపలి ఓ-రింగులు ఇథనాల్‌కు ఓర్చుకునే రబ్బరు వైటాన్‌వి అని నిర్ధారించుకోండి. కుదిరితే విమానాల పెట్రోలు ఎవ్‌గ్యాస్‌కు మారండి. ఇండియన్ ఆయిల్ వడోదరలోని రిఫైనరీలో తయారు చేసిన ఎవ్‌గ్యాస్ రకం 100 ఎల్‌ఎల్‌ను 2022 సెప్టెంబరు నుంచి తెస్తోంది, అంతకు ముందు అది దిగుమతి సరుకు. అందులో సీసం ఉంటుంది కనుక ఇంజను ఆయిలును త్వరగా మార్చవలసి వస్తుంది, ధర కూడా కన్నీళ్లు తెప్పిస్తుంది, కానీ నిల్వ ఉన్నా ఇలా వాల్వును తినదు.

---

యలహంక షెడ్డు

వాల్వు విప్పాను. ఇది కోను ప్లగ్గు రకమే. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, కన్నడ పేపరు మీద తెలుగు ఇంట్లో విమానం వాల్వు విప్పడం చూసి మా అమ్మాయి ఫొటో కూడా తీసింది, అది ఇక్కడ అవసరం లేదు.

ప్లగ్గు కింది సగం మీద చిలుము పట్టి ఉంది, పండగకు దించిన పాత ఇత్తడి గుండిగల మీద ఉంటుందే, ఆ ఆకుపచ్చ రంగే. మా అత్తగారు చూసి చింతపండు తెస్తానన్నారు, బతిమాలి ఆపాను. పై సగంలో గ్రీజు ఆనవాలు లేదు, వేలికి పొడిగా తగిలింది. ఒక పక్కన వేలి గోరు తగిలితే ఆగేటంత లోతుగా, చుట్టూ అర్ధచంద్రాకారంలో ఒక గీత పడి ఉంది. ఒంటి లోపల కూడా దానికి ఎదురుగా అటువంటిదే ఉంది. ఎడమ ట్యాంకు నుంచి వచ్చే రంధ్రం అంచున తెల్లటి దారం ముక్క లాంటిది ఇరుక్కుని ఉంది. లాగితే వచ్చింది. పంపులు బిగించేవాళ్లు చుట్టే టెఫ్లాన్ టేపు ముక్క.

కొలత గొట్టం పరీక్ష కూడా చేశాను, ట్యాంకులో మిగిలిన పెట్రోలుతో. నీటి గీత 10 నుంచి 26 దాటింది.

గీతను గ్రైండింగ్ పేస్టుతో రుద్ది, ప్లగ్గును ఒంటిలో మళ్లీ కూర్చోబెట్టవచ్చా? ఇంజను వాల్వులకు అలా చేస్తారు కదా.

---

పాత ఫిట్టరు

చేస్తారు, నేనూ చేశాను. కానీ ఇంజను వాల్వు గట్టి ఉక్కు, ఇది మెత్తటి ఇత్తడి. పేస్టులోని రవ్వలు ఇత్తడిలోకి దిగబడిపోతాయి, ఎంత కడిగినా కొన్ని మిగులుతాయి. మిగిలినవి ఆ తరువాత మీరు తిప్పిన ప్రతిసారీ ఇంకాస్త అరగదీస్తూనే ఉంటాయి. రుద్దినకొద్దీ ప్లగ్గు ఒంటిలోకి ఇంకా లోతుగా పోయి, దాని రంధ్రానికి, ఒంటి రంధ్రానికి పొంతన కూడా తప్పుతుంది. గోరు ఆగని సన్నగీత అయితే, రుద్దకుండా, శుభ్రం చేసి, పెట్రోలుకు కరగని గ్రీజు పలచగా పూసి వాడుకోమనేవాడిని. ఆ గ్రీజుకు పాత సైనిక ప్రమాణం పేరు ఎంఐఎల్-జి-6032. బండి బేరింగులకు పెట్టే గ్రీజు, వాసెలిన్, కొబ్బరినూనె, ఏదీ పనికిరావు, పెట్రోలు వారం రోజుల్లో కడిగేస్తుంది.

కోను ప్లగ్గు వాల్వు చెడ్డదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రతి ఏడూ విప్పి, చూసి, గ్రీజు పెట్టేవాడి చేతిలో అది దశాబ్దాలు నడుస్తుంది. కానీ గోరు ఆగే గీత, రెండు వైపులా, కంపెనీ పేరు లేని వాల్వు. జక్కూరు గాలి గారితో ఈ ఒక్క విషయంలో ఏకీభవిస్తున్నాను, మార్చండి.

టేపు ముక్క సంగతి ఇంకా ముఖ్యమైనది. ఒక ముక్క దొరికిందంటే ఇంకా ఉన్నాయని అర్థం. కార్బ్యురేటర్ ఫ్లోట్ సూదిలో ఇరుక్కునేది ఇదే. పైపు మరలున్న ప్రతి జాయింటూ విప్పి టేపు తీసేసి, పెట్రోలుకు ఓర్చుకునే పేస్టు సీలెంటు పెట్టండి, మొదటి ఒకటి రెండు మరలు వదిలేసి. సిలికాన్ సీలెంటు పెట్రోలులో నానిపోతుంది, వద్దు. పైపు కొసను గరాటులా విప్పి బిగించే ఫ్లేరు జాయింట్లకు ఏ పేస్టూ అవసరం లేదు. బెంగళూరు విడిభాగాల బజార్లు ఎస్.పి. రోడ్డులోనో, జె.సి. రోడ్డులోనో ఫిట్టింగులు వెతకవలసి వస్తే ఒక హెచ్చరిక: విమానాల ఫ్లేరు 37 డిగ్రీలు, కార్ల పైపులది సాధారణంగా 45. రెండూ ఒకదానిలో ఒకటి కూర్చున్నట్టే కనిపిస్తాయి, మరలు కూడా పట్టవచ్చు, కానీ సీలు పడదు.

---

జక్కూరు గాలి

కొత్త వాల్వు ఏది కొన్నా రెండు గుణాలు చూసుకోండి. ఎడమ నుంచి కుడికి మారేటప్పుడు మధ్యలో ఆఫ్ తగలకూడదు. ఆఫ్‌లోకి పోవాలంటే విడిగా ఇంకొక పని చేయవలసి రావాలి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పార్ట్ 23లో, 2017 సవరణకు ముందున్న 23.995 సంఖ్య నిబంధన సర్టిఫికెట్ ఉన్న విమానాలకు ఈ రెండింటినీ విధించేది. మనవంటి చేతికట్టుడు విమానాలకు అది చట్టం కాదు, కానీ చట్టం కానంత మాత్రాన తెలివి తక్కువది కాదు.

మీ రోటాక్స్‌కు ట్యాంకులోకి తిరిగి పోయే రిటర్న్ పైపు ఉందా? అది ఎప్పుడూ ఒకే ట్యాంకులోకి పోతుంటే, కుడి నుంచి తాగుతూ ఎడమను నింపుతూ పోతారు. ఎడమ అప్పటికే నిండి ఉంటే ట్యాంకు గాలి గొట్టం (వెంటు) గుండా పెట్రోలు బయటకు పోతుంది. సరఫరా, రిటర్న్ రెండింటినీ కలిపి తిప్పే డ్యూప్లెక్స్ రకం వాల్వులు వస్తున్నాయి. ఎలాగూ కొంటున్నారు కాబట్టి ఇప్పుడే ఆలోచించుకోండి.

---

తాంబరం గాలివాన

బిగించాక లీకు పరీక్షలో ఒక మోసం ఉంది. మీది కింది రెక్కల విమానం. ఇంజను నడిచేటప్పుడు పంపు వాల్వు గుండా పీలుస్తుంది. అప్పుడు వదులు జాయింటు నుంచి పెట్రోలు బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క కూడా పడదు, వాసన కూడా రాదు, ఇంజను మాత్రం దగ్గుతుంది. అందుకని చుక్క పడలేదని సంతృప్తి పడకుండా, గాజు ఫిల్టరులో బుడగలు వస్తున్నాయేమో చూడండి.

లోపలి లీకు కూడా చూడాలి. ఎడమ ట్యాంకులో మాత్రమే పెట్రోలు పోసి, కుడి ఖాళీగా ఉంచి, సెలెక్టర్ కుడికి పెట్టి పంపు వేయండి. ఒక చుక్క కూడా రాకూడదు. తరువాత తారుమారు చేసి చూడండి, ఆఖరున ఆఫ్‌లో.

---

యలహంక షెడ్డు

మూడు నెలల తరువాత రాస్తున్నాను. ఎవరైనా ఇదే సమస్యతో వెతుక్కుంటూ వస్తే మధ్యలో ఆగిపోయిన చర్చ దొరకకూడదని.

డ్యూప్లెక్స్ వాల్వే తెప్పించాను. రిటర్న్ పైపు నిజంగానే ఎడమ ట్యాంకులోకి మాత్రమే పోతోంది, జక్కూరు గాలి గారికి ఋణపడ్డాను. పాత బ్రాకెట్టును తీసేసి, వాల్వును ఇంకా పైకి, హ్యాండిలుకు నాలుగు వేళ్ల కిందకు తెచ్చాను. యూనివర్సల్ జాయింటు అవసరమే లేకుండా పోయింది, కడ్డీ నిటారుగా ఉంది. పైపులన్నీ కొత్తగా వంచాను, నట్టు బిగించక ముందే కొస తనంతట తాను ఫిట్టింగులో కూర్చునేలా. ఒక పైపు మూడుసార్లు పారేయవలసి వచ్చింది. జాయింట్లు విప్పితే ఇంకా రెండు టేపు ముక్కలు దొరికాయి. పైపులలో కిందైన చోట ఒక డ్రెయిన్ కాక్ పెట్టాను. ట్యాంకుల్లో ఇప్పుడు ఎవ్‌గ్యాస్.

కాటా ఇప్పుడు అర కిలో దగ్గర కదులుతోంది. లీటరు ఎడమ నుంచి 45 సెకన్లు, కుడి నుంచి 46, ముందు చక్రం కింద చెక్కలు పేర్చి ముక్కు పైకెత్తి చూసినా అంతే. ముల్లును గుర్తుకు అటూ ఇటూ మధ్యలో వదిలితే తనంతట తానే గాడిలోకి జారుతోంది. ఖాళీ ట్యాంకు పరీక్షలో ఏ వైపూ చుక్క రాలేదు. మార్పులన్నీ లాగ్ పుస్తకంలో కొలతలతో సహా రాశాను.

ఒక్క చిక్కు మిగిలింది. కొత్త హ్యాండిలుకు రెండు కొసలూ దాదాపు ఒకే పొడవు. మా ఆవిడ కూర్చుని తిప్పి చూసి, తేలికగానే ఉందని, కానీ ఏ కొస ట్యాంకును చూపిస్తుందో తనకు తెలియడం లేదని అంది.

---

పాత ఫిట్టరు

ఆవిడ సరైన ప్రశ్న అడిగారు. చూపించే కొసకు తెల్ల రంగు వేసి, రెండో కొసకు ప్యానెల్ రంగే వేయండి. వీలైతే రెండో కొసను ఆకురాయితో అరగదీసి గుండ్రంగా చేయండి, చీకట్లో వేలికి తేడా తెలియాలి. మొదటి కొన్ని ఎగురుళ్లలో ట్యాంకు మార్చవలసి వస్తే, రన్‌వే మీదకు జారిపోయి దిగగలిగే ఎత్తులోనే మార్చండి. ఏ ట్యాంకు మీద రన్-అప్ (లేవక ముందు చేసే ఇంజను పరీక్ష) చేశారో ఆ ట్యాంకు మీదనే పైకి లేవండి, మధ్యలో ముట్టుకోవద్దు.

---

యలహంక షెడ్డు

ఆకురాయి పని ఈ ఆదివారమే చేస్తాను. పాత వాల్వును పారేయలేదు, గీత పడిన వైపు పైకి పెట్టి షెడ్డు కిటికీలో ఉంచాను. చూడాలనుకున్నవారు యలహంక వైపు వస్తే చెప్పండి.